పక్కావిడ సూది మీద వెలుగు

మా ఆవిడ కుట్టుమిషన్ కావాలని వాళ్ళు అడిగినప్పుడు నేను వెంటనే సరేననలేదు. ఆమె పోయి పదినెలలయింది. ఆ మిషన్‌ను ఎవరూ ముట్టుకోకుండా చూసుకుంటున్నాను.

అడిగింది ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళు. చింతాద్రిపేటలో ఒక మేడమీది గదిలో ఆమె ఇరవై ఏళ్ళు క్లాసు నడిపింది. ఆమెను అందరూ అక్క అనేవాళ్ళు కనుక నేను బావనయ్యాను. బావను కనుక నన్ను ఏమైనా అనే హక్కు వాళ్ళకు వచ్చింది. సంవత్సరీకం నాటికి ఆ గదిలో దీపాలతో ఏదో తయారుచేస్తామన్నారు. పటం, దండ, చుట్టూ రంగుబల్బులు తలచుకుని నాకు భయం వేసింది.

"అట్లాంటిది కాదు బావా. తొక్కితే వెలగాల, ఆపితే ఆరిపోవాల. అంతే," అంది వాళ్ళలో ఒకామె. అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేసే పని ఆమెది. ప్రతి మిషన్ కిందిచక్రానికి ఒక సైకిల్ డైనమో ఒరుసుకునేలా బిగించి, తీగలన్నీ గది మధ్యలో వేలాడే పెద్ద దీపానికి కలుపుతానంది. అందరూ కలిసి తొక్కితేనే అది నిండుగా వెలుగుతుందట. గదిలో ఏడు మిషన్లున్నాయి.

"ఏడు చాలవా?" అన్నాను.

"చాలు. వెలుగుద్ది. అబద్ధమెందుకు? కానీ అక్క మిషన్ లేకుంటే ఆడ కూర్చునేదానికే మాకు మనసుకు ఒక మాదిరిగా ఉంటాది."

ఆ జవాబు నాకు నచ్చింది. అయినా ఇస్తాననలేదు. చూడటానికి వస్తానన్నాను.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలు మూసి ఏడుగురూ కూర్చున్నారు. దీపం మిణుకుమంది, ఆరింది, మళ్ళీ మిణుకుమంది. ఏళ్ళ తరబడి కుట్టిన పాదాలు తడబడుతున్నాయి.

"ఏందక్కా, నిన్న చేరినదాని మాదిరి తొక్కతా ఉండావు?" అని ఒకామె పక్కావిడను ఎగతాళి చేసింది.

"చేతిలో గుడ్డ లేంది కాలెట్ల కదులుద్ది? నీది మాత్రం పరిగెత్తతా ఉందా?"

అదీ సంగతి. చేతికింద గుడ్డ జరుగుతుంటేనే వాళ్ళ పాదం ఆడుతుంది. అంబత్తూరు ఆమె వాదించలేదు. పురసవాక్కంలో కొన్న లైనింగు గుడ్డ చించి తలా ఒక ముక్క ఇచ్చింది. ఈసారి కాళ్ళు చక్కగా ఆడాయి. కానీ కుట్టు చివరికి రాగానే ఎవరికి వాళ్ళు ఆగిపోయారు. ఆ పెద్ద దీపం వెలిగిందో ఆరిందో ఎవరూ చూడలేదు. అందరి కళ్ళూ సూది మీదే.

అంబత్తూరు ఆమె నేలమీద కూర్చుని చాలాసేపు వాళ్ళ చూపులనే గమనించింది. తరవాత లేచి ఆ దీపాన్ని విప్పి పక్కన పెట్టేసింది. వారం రోజులు కష్టపడి చేసినదాన్ని అంత తేలిగ్గా తీసేసేవాళ్ళను నేను కొద్దిమందినే చూశాను. నాకు తెలిసిన పుస్తకాలు రాసేవాళ్ళలో ఇంకా కొద్దిమందిని.

మరుసటి ఆదివారానికి మిషన్లను గుండ్రంగా జరిపి, ప్రతి సూదిపైన ఒక చిన్న బల్బు బిగించింది. ఎవరి డైనమో తీగ వాళ్ళ బల్బుకు కాదు, కుడిపక్కావిడ బల్బుకు. ఒకరు తొక్కితే పక్కావిడకు సూది కనిపిస్తుంది. ఆపితే పక్కావిడ చీకట్లో పడుతుంది.

"ఏయ్, ఆపొద్దే! నాకింకా జానెడుంది!"

"దారం తెగిపోయిందే, నేనేం చేసేది?"

"కాలు తెగలేదు కదా, తొక్కు!"

కాసేపటికి అరుపులు తగ్గాయి. కుట్టడం అయిపోయినవాళ్ళు కూడా పక్కావిడ కోసం ఊరికే తొక్కుతున్నారు. గుడ్డ లేకపోతే ఆడనన్న పాదాలు అవే. వాటికి ఎవరూ ఏమీ నేర్పలేదు. తీగను ఒక చోటినుంచి తీసి ఇంకో చోట కలిపారు, అంతే. నేను చాలా చదివాను కానీ, మనుషులను ఇంత సూటిగా అర్థం చేసుకున్న పని అరుదుగా చూశాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మిషన్ ముందు కూర్చున్నాను. సగం కుట్టిన దిండుగలీబులో సూది దిగి ఉంది. ఎత్తితే మా ఆవిడ ఆపిన చోటు ఇక ఉండదు. దాన్ని ఎత్తడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎత్తి, మిషన్ తీసుకుపొమ్మని ఫోన్ చేశాను.

సంవత్సరీకం నాడు ఎనిమిది మిషన్లు గుండ్రంగా ఉన్నాయి. ఆమె మిషన్ దగ్గర ఎవరు కూర్చోవాలో ముందే తేల్చుకున్నారు కాబోలు, అందరూ నా వైపే చూశారు. నాకు కుట్టు రాదన్నాను. కుట్టమని ఎవరడిగారన్నారు.

కూర్చుని తొక్కాను. చక్రం వెనక్కి తిరిగి ఆగిపోయింది. కుడిపక్కావిడ సూది చీకట్లో ఉండిపోయింది.

"ఏంది బావా, మిషన్ ఇచ్చినావు, కాలు ఇయ్యవా?" అందామె.

చేత్తో పైచక్రాన్ని ముందుకు తిప్పి మళ్ళీ తొక్కాను. ఈసారి ఆగలేదు. ఆమె బల్బు వెలిగింది. ఆమె తలవంచి కుట్టడం మొదలుపెట్టింది.

"మడత సగంలో ఉంది, ఇంకా తొక్కు," అంది తలెత్తకుండానే.

తొక్కాను.