గాల్లో వేసిన అతుకు

నెల్డా క్రౌస్ వేసిన అతుకు ఊడిందని మా మన్సీ ఊళ్లో ఒక్కరూ అనలేదు. పదహారేళ్లు వెల్డింగ్ చేసిన మనిషి ఆమె. ఆ పేరును ఆమె పనిచేసిన కార్ల షెడ్డు యజమాని రోస్కో టిబ్స్ ఒక్క మాటతో బురదలో తొక్కాడు. అదే షెడ్డులో నేను బండ్లకు రంగు వేసేవాణ్ణి. అంతా కళ్లారా చూశాను.

పాత కమారో కారుకి చట్రం ముందొక ముక్క, వెనకొక ముక్క. మధ్యలో ఉన్నదంతా రేకే. పెద్ద ఇంజను పెట్టి బలంగా తొక్కితే బండి ఒళ్లు మెలి తిరుగుతుంది. అందుకే ఆ రెండు ముక్కల్నీ కలుపుతూ కింద ఉక్కు గొట్టాలు అతుకుతారు. అతికేటప్పుడు బరువంతా నాలుగు చక్రాల మీదే ఉండాలి. నడుం దగ్గర పట్టి పైకి లేపితే రెండు కొసలూ వాలిపోతాయి. ఆ వాలులో అతికారా, వంకర అలాగే బిగుసుకుపోతుంది.

డ్వేన్ అనే రైతు గొట్టాలు వేయించుకోడానికి తన కమారో తెచ్చిన రోజు రోస్కోకి ఎక్కడలేని తొందర. బండ్లను పైకెత్తే లిఫ్టు మీద పెట్టి, నడుం దగ్గర పట్టి దాన్ని అప్పటికే గాల్లోకి లేపేశాడు.

"లిఫ్టు మీదే కానిచ్చెయ్" అన్నాడు.

"దించు రోస్కో. ఇట్లా అతికితే తలుపులు పడవు."

"షాపు నీదా, నాదా? సోది ఆపి పని చూడు."

ఆమె అతికింది. అది తన తప్పేనని ఇప్పటికీ ఒప్పుకుంటుంది. బండి దించాక తలుపు మూతపడలేదు. డ్వేన్ లబోదిబోమన్నాడు. రోస్కో తడుముకోకుండా, "ఆడదాని చేతికిస్తే ఇంతేగా మరి! దాని చెయ్యే వంకర" అన్నాడు. నేను నోరు మెదపలేదు. నా బతుక్కి అంతకంటే సిగ్గుచేటు పని లేదు.

ఆ తర్వాత ఊళ్లో ఎవ్వరూ ఆమెకు పనివ్వలేదు. రెండేళ్లు బడి వంటింట్లో గిన్నెలు తోమింది. "పని పోయినందుక్కాదు నా ఏడుపు" అని ఒకసారి నాతో అంది. "నా చెయ్యి వంకరన్నాడు. కాదని వాడి నోటితోనే అనిపించకపోతే చూడు."

ఏటా మార్చిలో, కార్ల రేసులు మొదలయ్యే ముందు, ఒక శనివారం పొద్దున రోస్కో షెడ్డు తెరిచి అందరికీ కాఫీ, డోనట్లు పెడతాడు. ఆ ఏడు నెల్డా కూడా వచ్చింది. లిఫ్టు స్తంభాల మధ్య రోస్కో సొంత కమారో మెరిసిపోతోంది. గొట్టాలు వేయించకుండా, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచానని వాడి గొప్ప.

"ఇది వంగదా?" అని అడిగింది నెల్డా.

"నువ్వు చెయ్యి పెట్టనంతవరకూ వంగదు!"

జనం గొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"అయితే ఎక్కి కూర్చో. నేను పైకి లేపుతా. అక్కడ నువ్వు తలుపు తెరిస్తే, తప్పంతా నాదేనని మోకాళ్ల మీద పడి చెప్తా."

"ఎక్కవయ్యా రోస్కో, భయమా?" అని వెనక నుంచి ఎవరో ఎగదోశారు. పౌరుషానికి పోయి వాడు డోనట్‌తో సహా ఎక్కి కూర్చున్నాడు. నెల్డా లిఫ్టు చేతుల్ని బండి నడుం కింద సర్ది మీట నొక్కింది. బండి మా తలల ఎత్తుకు లేచింది.

"ఇప్పుడు తెరువు."

తోశాడు. భుజం పెట్టి గుద్దాడు. తలుపు కింది అంచు రేకును కరుచుకుని కదల్లేదు. కిటికీలోంచి దూరే నడుం కాదు వాడిది, దూరినా దూకే ఎత్తు కాదది. డ్వేన్ దగ్గరకొచ్చి తల ఎత్తి చూశాడు.

"నా బండికి పట్టేసిందీ ఇక్కడే కదా!"

నాకైతే పండగలా ఉంది.

"దించు నెల్డా. పరువు తియ్యకు."

"ఆ రోజు గాల్లో అతకమన్నదెవరు?"

"నేనే."

"నేను వద్దన్నానా, లేదా?"

"అన్నావు. నీ చెయ్యి మంచిదే, తప్పు నాదే. దించవే తల్లీ!"

నెల్డా మీట మీద నుంచి చెయ్యి తీసి, బల్ల మీది కాఫీ అందుకుని, తీరిగ్గా ఒక గుక్క తాగింది.

"గట్టిగా చెప్పు రోస్కో. గేటు దగ్గరున్నవాళ్లకి వినపళ్లేదు."