మూడక్షరాలు

మణుగూరు బస్టాండు పక్కన ముత్తక్క ఇప్పటికీ పొద్దున్నే పన్నెండు గ్లాసులూ కడిగి వరసగా బోర్లిస్తుంది. పచ్చబొట్ల ముంజేయి పైకెత్తి చాయ్ తిరగబోస్తూ, బస్సు ఆగినప్పుడల్లా చెవి అటే వేస్తుంది. “అక్కా, ఒక చాయ్” అనే పిలుపు వినబడదు. నెల కిందట ఎవరో ఎదుటి గోడ మీద సున్నంతో రాసిపోయారు: ‘ముత్తక్క చాయ్‌లో మత్తు’. ప్రాస కుదిరింది కాబట్టి ఎవరూ సాక్ష్యం అడగలేదు. ఆ మాట బస్సులెక్కి ఊళ్లన్నీ తిరిగింది. ఏళ్ల తరబడి ఆమె చాయ్ తాగి డ్యూటీకి పోయిన గని కార్మికులు కూడా తల వంచుకొని దాటిపోతున్నారు. ఆమెకు చదువు రాదు. ఏం రాసి ఉందని అడిగితే ఎవరూ చెప్పరు.

ఒక మధ్యాహ్నం భద్రాచలం బస్సు దిగి కొత్త కండక్టరొకాయన చాయ్ తీసుకున్నాడు.

“సారూ, ఆ గోడ మీద ఏం రాసిండ్రు?” అని అడిగింది ముత్తక్క.

ఆయన మనసులోనే చదివి గ్లాసులోకి చూశాడు. “ఏం లేదక్కా, ఓట్ల రాతలు.”

“మరి నా పేరెందుకున్నది సారూ? రాత్రిబడిల సంతకం నేర్పిండ్రు. గా మూడక్షరాలే నాకొచ్చు.”

కండక్టరు మళ్లీ గోడ వైపు చూడలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నా లేవకుండా, చాయ్ మొత్తం తాగి ఖాళీ గ్లాసు ముందుకు జరిపి, బస్సు లోపలికి వినబడేంత గట్టిగా అన్నాడు.

“అక్కా, ఇంకో చాయ్.”