ముహూర్తం సాఫ్ట్‌వేరూ, నాన్న గొంతూ

నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. ఎవరైనా అది ముట్టుకోకు అంటే ముందు దాన్నే ముట్టుకుంటాను. సిడ్నీలో, పెండిల్ హిల్ అనే పేటలో మేము ఇల్లు కొన్న ఏడాది కూడా అదే జరిగింది.

గృహప్రవేశానికి పంతులుగారు ఫోన్లోనే ముహూర్తం పెట్టారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇండియా పంచాంగం చూసి చెప్పేశారేమో, ఇక్కడ సూర్యుడు లేచే వేళ వేరు కదా అని ఒకటే పీకులాట. అంతలో మా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో లింకు పెట్టారు. సిడ్నీ టైముకి ముహూర్తాలు చెప్పే సాఫ్ట్‌వేరట, పైగా ఫ్రీ.

మా ఆయన ఐటీలోనే పనిచేస్తాడు. ఊరూ పేరూ తెలియనివి కంప్యూటర్లోకి దించొద్దని చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. "ఫ్రీగా వస్తే నువ్వు ఫినాయిలైనా తాగుతావు" అని ఎగతాళి కూడా. అందుకే ఆయన ఆఫీసుకి వెళ్ళాక దించాను. యాంటీవైరస్ అడ్డుపడింది. దాన్ని ఎలా ఆపాలో ఆ సాఫ్ట్‌వేరే దారి చూపిస్తే, ఆపేశాను. మా పేర్లు, పుట్టిన తేదీలు, నక్షత్రాలు, గోత్రం, ఫోన్ నంబర్లు, తండ్రుల పేర్లు అడిగింది. బ్యాంకువాళ్ళు అడిగితే వంద ప్రశ్నలు వేసేదాన్ని, దేవుడి పని కదా అని ఒక్కటీ దాచకుండా నింపాను. తీరా చూస్తే పంతులుగారు చెప్పిన ముహూర్తమే వచ్చింది.

ఆ కంప్యూటర్లోనే నాన్న గొంతు ఉండేది. నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. ఆఖరి ఏడాది ఆయన ఫోన్ చేసినప్పుడు రికార్డు చేసుకున్న మాటలు, మొత్తం పదిహేడు ఫైళ్ళు. అన్నీ ఒకేలా మొదలవుతాయి: "ఏమ్మా, ఏం కూర ఇవాళ?" ఇంకో కాపీ తీసి పెట్టుకోమని మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. రేపు చేస్తాలే అనేదాన్ని. నాకు మిగిలిన నాన్నంతా ఆ పదిహేడు ఫైళ్ళే.

నాలుగు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం. ఇంట్లో నేనొక్కదాన్నే. వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే పక్కగదిలోంచి వినిపించింది.

"ఏమ్మా, ఏం కూర ఇవాళ?"

చేతిలో కత్తి చేతిలోనే ఆగిపోయింది. వెళ్ళి చూస్తే కుర్చీ ఖాళీ. తెరమీద బాణం గుర్తు దానంతటదే కదులుతోంది. నాన్న ఫోల్డరు తెరిచి, ఒక ఫైలు నొక్కి, కాసేపు ఆగి, ఇంకోదాని మీదికి వెళుతోంది. పైన కెమెరా దీపం పచ్చగా వెలుగుతోంది. ఎవడో ఎక్కడో కూర్చుని నాన్న మాటలు వింటున్నాడు, నన్ను చూస్తున్నాడు.

ఫోన్ చేస్తే మా ఆయన ఒక్క అరుపు అరిచాడు. "ఏదీ క్లిక్ చెయ్యకు! ఫస్ట్ వైఫై బాక్సు పీకెయ్. తర్వాత ఏడుద్దువుగాని."

ప్లగ్గు మీద చెయ్యి వేశాను. సరిగ్గా అప్పుడే నాన్న నవ్వాడు. మామిడికాయ పప్పులో నేను రెండుసార్లు ఉప్పు వేశానని చెబితే నవ్విన నవ్వు. అది అయ్యేదాకా ఆగాను. నెట్ తీసేసినా ఆ నవ్వు ఆగదన్న సంగతి అప్పుడు తోచలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, పీకమన్న తర్వాత కూడా ఆగాను.

మా ఆయన వచ్చి, బ్యాంకుకి ఫోన్ చేసి, పాస్‌వర్డులన్నీ తన ఫోన్లోంచి మార్చాడు. నాన్న ఫైళ్ళు పరీక్షించి వేరే డిస్కులోకి తీసి, కంప్యూటర్ని మొత్తం తుడిచేశాడు. "కొరివితో తల గోక్కున్నావు" అన్నాడు. మొదటిసారి నేను ఎదురు చెప్పలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు: "మన కాపీ మనకుంది. వాళ్ళ దగ్గరా ఒకటుంది. ఈ రోజుల్లో ఆ గొంతుతో ఏదైనా పలికించొచ్చు."

గృహప్రవేశం అయింది. పాలు పొంగించాం. నెల తిరగకుండానే ఒక పొద్దున నా ఫోన్‌కి బ్యాంకు నుంచి ఆరంకెల కోడ్ వచ్చింది. వెంటనే ఫోన్ మోగింది.

"అమ్మా, నేను నాన్నని. నీకో కోడ్ వచ్చుంటుంది, కాస్త చదివి పెట్టు."

అచ్చం నాన్నే. మాటకి ముందు గొంతు సవరించుకోవడం కూడా ఆయనదే.

"ఏం కూరో అడగవా నాన్నా?" అన్నాను. ఎందుకన్నానో!

అటువైపు టకటకా ఏదో టైపు చేస్తున్న చప్పుడు. తర్వాత, "ఏమ్మా, ఏం కూర ఇవాళ?"

"బెండకాయ వేపుడు. కొంచెం మాడింది నాన్నా."

"మంచిదమ్మా. కోడ్ చెప్పు."

నాన్నకి మాడిన వేపుడంటే ప్రాణం. మూకుడు అడుగు కూడా గీకి పెట్టమనేవాడు. నేను కోడ్ చెప్పకుండా ఫోన్ పెట్టేసి, వంటింట్లో కింద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

సాయంత్రం మా ఆయన ఆ నంబరు బ్లాక్ చేస్తూ, "పోయిన మనిషి గొంతుతోనా, వెధవలు!" అని తిట్టాడు. పోయాడని వాళ్ళకి తెలియదన్నాను. మా గోత్రం తెలుసు, నక్షత్రాలు తెలుసు. ఆ ఒక్కటీ ఆ సాఫ్ట్‌వేరు అడగలేదు.

"మరి పోయాడని చెప్పెయ్యకపోయావా? ఇక ఆ గొంతుతో మళ్ళీ చెయ్యరు కదా" అన్నాడు.

అందుకే చెప్పలేదని మా ఆయనతో అనలేదు.