మండని పిడకలు

అరవైల చివర నేను హైదరాబాదులో తార్నాక పక్క విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థిగా ఉండేవాణ్ని. క్యాంపస్‌లో డెయిరీ వెనుక మా ప్రొఫెసరు గారు గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టించారు. పల్లెల్లో వంటచెరుకు కోసం చెట్లు కొట్టడం తగ్గాలనీ, ఆడవాళ్ల కళ్లు పొగకు పాడవకూడదనీ మా ఆశ. ఆ ఆశ తప్పని ఇప్పటికీ అనుకోను. కాని మాకు కావలసిన పేడ అప్పటికే ఒకరి బతుకుతెరువు.

మౌలాలి నుంచి ఒకామె రోజూ పొద్దున్నే తట్టతో వచ్చేది. డెయిరీ పేడ ఎత్తి, ప్రహరీ గోడకు పిడకలు కొట్టి, ఎండాక తార్నాక ఇళ్లలో అమ్మేది. ఆ ఇళ్లలో స్నానాలకు నీళ్లు కాగేది వాటితోనే. భర్త పోయాడు, పిల్లలకు ఆమే దిక్కు.

ఇక పేడంతా ప్లాంటుకేనని ఆమెతో చెప్పే పని నాకు పడింది.

"మంచిగున్నది సారూ. మీ పొయ్యి మండాలె, నా పొయ్యి ఆరాలె" అన్నది.

తప్పించుకోవడానికి నోటికొచ్చింది చెప్పాను. గ్యాసు తీశాక బయటికొచ్చే పేడను ఆరబెట్టి పిడకలు చేసుకోవచ్చని, అవీ అలాగే మండుతాయని. నేను ఒక్కటీ కాల్చి చూడలేదు. మండే సారంలో చాలా భాగం గ్యాసుగా పోతుందని తెలిసి కూడా అన్నాను.

ఆమె నా మాట నమ్మి ఆ పేడతోనే పిడకలు చేసి అమ్మింది. చలికాలం వచ్చింది. ఒకరోజు ఆమె ఖాళీ చేతులతో వచ్చి ప్లాంటు దగ్గర నిలబడింది.

"పిడకలు అంటుకుంటలేవు. మన్ను కలిపి అమ్మిననంట, బిడ్డా. వాకిట్లకు రానిస్తలేరు."

"తప్పు నాదని నేనొచ్చి చెబుతాను, పద."

"నువ్వు చెప్తె నమ్ముతరా? నీ మాట నమ్మే గీడిదాంక వచ్చిన" అని నవ్వింది. ఆ స్థితిలో ఎలా నవ్విందో!

వెళ్లాం. మొదటి గేటు దగ్గరే ఒక టీచరమ్మ నన్ను నిలేశారు. "గ్యాసు సారు మీరేనా? మా ఆయన చన్నీళ్లు పోసుకుని దగ్గుతున్నారు. మీ గ్యాసు మీద నీళ్లు కాచి పంపండి మరి!"

తల దించుకున్నాను. అప్పుడు నా పక్కనుంచి ఆమే అన్నది: "పోనీయమ్మా, పిల్లగాడు. తెల్వక చెప్పిండు."

తెలియక కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసనుకుంటాను. అయినా నడివీధిలో నా పరువు కాపాడింది. జీవితంలో నేను పొందిన దయల్లో దాన్ని మించింది లేదు.

ఆ సాయంత్రమే ప్రొఫెసరు గారి దగ్గరికి వెళ్లి సగం పేడ ఆమెకు వదలమని అడిగాను.

"గ్యాసూ సగమవుతుంది కదయ్యా?"

"అవుతుందండీ."

"కట్టకముందే ఆమెను అడగాల్సింది మనం" అని ఆయన సగం పేడ వదలడానికి ఒప్పుకున్నారు. ఆయనకూ రుణపడ్డాను. తర్వాత ఏ పల్లెలో ప్లాంటు కట్టబోయినా, అక్కడి పేడ ఎవరెత్తుకుంటున్నారని అడిగాకే గొయ్యి తవ్వించాను.

గ్యాసు తీయని పేడతో కొట్టిన కొత్త పిడకలు ఎండాక ఆమెతో మళ్లీ తార్నాక వెళ్లాను. టీచరమ్మ ఒక పిడకను గేటు ముందే వెలిగించి చూశాక గాని తట్ట దించనివ్వలేదు. అది చక్కగా అంటుకుంది.

ఆమె నావైపు తిరిగి, "గిట్ల చూసి చెప్పాలె బిడ్డా" అన్నది.