ఎడమ చెంప మీది పగులు

నిరుడు ఆషాఢంలో ఒక మంగళవారం ఉదయం, పది దాటి ఐదు నిమిషాలకు, పేరంటాలు బొమ్మ ఎడమ చెంప మీద పగులు కనిపించలేదు. నా చేతిలోని టార్చి అక్కడే ఆగిపోయింది.

నేను నగరంలోని ఆర్ట్ మ్యూజియంలో రిజిస్ట్రేషన్ అసిస్టెంట్‌ని. చుట్టుపక్కల ఊళ్ల కుటుంబాలు తమ ఇళ్లలోని పాత కళావస్తువులను అరువిస్తే, మా మ్యూజియం చోడవరంలో ఒక హాలు తీసుకుని రెండు నెలలు ప్రదర్శించింది. మా ఇల్లు ఇక్కడే కాబట్టి బాధ్యత నాకిచ్చారు. వస్తువు వచ్చిన రోజే దాని మీది ప్రతి గీతనూ ఫొటోతో సహా నమోదు చేస్తాం. దాన్ని కండిషన్ రిపోర్ట్ అంటాం. ఈ చెక్కబొమ్మ ఒక ఇంట్లో చనిపోయిన ముత్తైదువది, ఆ ఇంటివాళ్లకు దేవత. రిపోర్టులో 'ఎడమ చెంపపై వేలెడు పగులు' అని ఉంది. కింద నా సంతకం.

ఇప్పుడా పసుపురంగు చెంప నున్నగా ఉంది. అసలుది తీసేసి నకలు పెట్టారనుకున్నాను. అద్దాలపెట్టె తాళంచెవులు రెండే. ఒకటి నాది, రెండోది కాపలా ఉండే సన్యాసిరావుది. ముందటి వారం ఎవరో కారులో వచ్చి, ఇలాంటి బొమ్మలు అమ్ముతారా అని ఆయన్ని అడగడం నేను విన్నాను.

"నిన్న సెలవు కదా బాబాయ్, ఎవరైనా వచ్చేరా?"

"సెలవునాడు ఎవులొస్తారమ్మా?" తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తున్నాడు. నా మొహం చూడలేదు.

నగరం ఆఫీసుకు మెయిల్ రాశాను, ఆయన పేరుతో సహా. పంపితే ఆయన ఉద్యోగం పోతుంది. పంపకుండా ఉండి, బొమ్మ నిజంగా పోయుంటే నాది పోతుంది. ఈ ఊళ్లవాళ్లు ఇంకెప్పుడూ మాకు ఏదీ ఇవ్వరు.

సాయంత్రం బడి నుంచి పిల్లలిద్దరూ హాలుకు వచ్చారు. సన్యాసిరావు రోజూలాగే వేరుశనగలు పెట్టబోయాడు. చిన్నదాని చేయి పట్టి లాగేశాను. "తాత దగ్గరికి వెళ్లొద్దు. ఏమిచ్చినా తినొద్దు" అన్నాను, ఆయనకు వినపడేలాగే. ఆయన గింజలు మళ్లీ పొట్లంలో పోసుకున్నాడు.

తలుపులు మూస్తుంటే ఆటో ఆగింది. బొమ్మ అరువిచ్చిన బుచ్చయ్యపేట అప్పలనరసమ్మ, స్టీలు గిన్నెతో దిగింది.

"ఉండమ్మా, తలుపెయ్యకు! రెండో పూత ఎయ్యాల."

"ఏం పూత?"

"ఏటలా సూస్తావు? ఏటా ఆషాఢంలో మైనం, పసుపూ కలిపి పేరంటాలు మొకం మీద పగులు పూడుస్తాం. నీ అద్దాలపెట్టెలో ఉంటే మాత్రం, ఆడకూతురు పగిలిన మొకంతో ఉండాలేటి? నిన్నొచ్చేను, నువ్వు లేవు. ఈ బాబే పెట్టె తీసేడు. సెప్పలేదేటి?"

సన్యాసిరావు తలవంచుకున్నాడు. "తెరవొద్దని నువ్వు సెప్పేవు కదమ్మా. ముసలమ్మ ఏడ్సింది. పెట్టె తీసేను. పనిలోంచి పంపేస్తారని బయపడి సెప్పలేదు."

టార్చి వాల్చి చూశాను. పచ్చటి మైనం అడుగున పగులు గీత సన్నగా కనిపించింది.

మెయిల్ చెరిపేశాను. జరిగింది జరిగినట్టు ఫోన్లో చెప్పి, ఆఫీసు సరేనన్నాకే గిన్నెను లోపలికి రానిచ్చాను. వస్తువుకు ఎక్కడ దెబ్బ తగిలిందో మా రిపోర్టులో రాస్తాం. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషుల గురించి అడగం. ఇప్పుడు ఏది అరువు తీసుకున్నా, ఏ నెలలో దీనికి ఏం చేస్తారని ముందే అడుగుతున్నాను.

మర్నాడు జడలు వేస్తూ పిల్లలకు చెప్పాను: "నిన్న తాత దగ్గరికి వెళ్లొద్దన్నాను కదా. తప్పు నాది. సాయంత్రం ఆయన ముందే ఆ మాట చెబుతాను. మీరూ నా పక్కన నిలబడాలి."

"మరి వేరుశనగలో?" అంది చిన్నది.

"ఆయన పెడితే తినండి."