సైన్సు మేడం కళ్లద్దాలు

మా సిరిసిల్ల బడిలో సైన్సు మేడంకు కోపమొస్తే ముందు కళ్లద్దాలు తీసేది. బట్ట నేసే సాంచాల నుంచి ఎగిరొచ్చే నూలు దుమ్ము వాటిమీద ఎప్పుడూ ఉండేది. కొంగుతో తుడుస్తూ తిట్టేది.

అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు గురించి కూడా ఆ అద్దాలు చూపించే చెప్పింది.

"గీ దుమ్ము లెక్కనే గాలి సుత చూపుకు అడ్డం పడుతది. అందుకే టెలిస్కోపును గాలి దాటించి పైన పెట్టిండ్రు. ఆకాశంల ఏం లేదనుకున్న చీకటి జాగ ఒకటుండె. రోజుల తరబడి గా ఒక్క జాగనే చూస్తే, సన్నటి వెలుగంత జమై వేల గెలాక్సీలు బయటపడ్డయి."

అప్పుడే తనిఖీకి వచ్చిన అధికారి, గుమ్మంలోనే నిలబడి బోర్డు మీద మేడం గీసిన గెలాక్సీల బొమ్మ చూసి నవ్వాడు.

"గివన్ని ఎందుకమ్మా వీళ్లకు? రేపు సాంచాల కాడికి పోయేటోళ్లే గదా. వీళ్లల్ల ఏమున్నది? పాసైతే చాలు."

మొదటి బెంచీలో కూర్చుని విన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేడం అద్దాలు తీసింది. కొంగుతో తుడుస్తూ అడిగింది.

"సార్, మా పిల్లల దిక్కు మీరు ఎంతసేపు చూసిండ్రు?"