గడిలో పట్టని పేర్లు

అప్పట్లో నేను టెక్కలిలో ఒక ఏజెన్సీ దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఆ ఏజెన్సీవాళ్లు ఉద్దానం ఊళ్లలో కిడ్నీ పరీక్షల క్యాంపులు పెట్టేవారు. రక్తం ఇచ్చినవాళ్ల పేర్లు, ఆడవాళ్లకైతే భర్త పేరు, ఫలితాలు ఎక్సెల్‌లో ఎక్కించి ప్రింటు తియ్యడం నా పని. క్యాంపువాళ్లు ఆ కాగితం చూసే, ఎవరికి ఏముందో చెప్పేవారు.

గడుల వెడల్పు రోజూ చేత్తో సర్దలేక, ఆ పని తనంతట తనే చేసే చిన్న కోడ్, మాక్రో, రాయడం నేర్చుకున్నాను. బటన్ నొక్కితే ప్రతి కాలమూ అందులోని పేర్లకు తగినంత వెడల్పయ్యేది.

మా సూపర్‌వైజర్‌కి అది నచ్చలేదు. "అన్నీ ఒక్క పేజీలో ఇమడాలి. పైవాళ్లకు పంపేది నీటుగా ఉండొద్దా? కోడ్ మార్చు."

"భర్త పేరు తెగిపోతుంది సార్. అక్కడ ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉంటారు."

"అవన్నీ ఎవరు చదువుతారమ్మా?"

నేను కదలకపోయేసరికి కీబోర్డు లాక్కుని, కోడ్‌లో వెడల్పుకి తనే ఒక చిన్న అంకె కొట్టేశాడు. ఎక్సెల్‌లో అంకె పట్టకపోతే గడి నిండా హాష్ గుర్తులు వచ్చి తప్పు తెలిసిపోతుంది. పేరు పట్టకపోతే చప్పుడు లేకుండా తెగిపోతుంది.

తర్వాతి నెల అక్కుపల్లి నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఆఫీసుకొచ్చారు. ఇద్దరిదీ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు. భర్తల పేర్లు మొదలయ్యేదీ ఒకేలా. క్యాంపులో చిన్నావిడకు జబ్బుందన్నారు, పెద్దావిడకు ఏమీ లేదన్నారు. బయట మళ్లీ పరీక్ష చేయిస్తే తారుమారైంది. ఏమీ లేదన్న ధీమాతో పెద్దావిడ ఆ నెలంతా ఒళ్లు నొప్పులకు, కిడ్నీ జబ్బుంటే వాడకూడని మాత్రలు మింగుతూనే ఉంది. కాళ్లు వాచిపోయి ఉన్నాయి.

"ఏటమ్మా, మా పేర్లు సగానికి కోసీసినారేటి?" అంది చిన్నావిడ, నేను తీసిన ఆ క్యాంపు ప్రింటు చూసి. "నాను సచ్చిపోతానని రోజూ ఏడిసినాను. ఈ అప్పకేమో ఏటీ నేదని సెప్పీసినారు. ఎవుల్నడగాల?"

సూపర్‌వైజర్ వచ్చి ప్రింటు చూసి, "టైపింగ్ మిస్టేక్" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. "కాదు సార్. ఫైల్లో పేర్లు పూర్తిగానే ఉన్నాయి. కాగితం మీద కనబడకుండా చేసింది మీరు."

వాళ్ల ముందే కోడ్ తెరిచి, అతను కొట్టిన అంకె తీసేసి మళ్లీ ప్రింటు తీశాను. భర్తల పేర్లు చివరిదాకా వచ్చాయి. చిన్నావిడ పైకి చదువుతుంటే పెద్దావిడ తల వంచుకుని వింది. సూపర్‌వైజర్ ఆమెను కూర్చోమని కూడా అనలేదు. వాళ్లు వెళ్లాక మాత్రం నా మీద విరుచుకుపడ్డాడు, పదిమందిలో పరువు తీశానని. మర్నాటి నుంచి నన్ను రావద్దన్నారు.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాను. పెద్దావిడ వైద్యానికి విశాఖపట్నం తిరుగుతోందని అక్కడే విన్నాను. ఆ రోజు అన్నం సయించలేదు.

కొన్నాళ్లకు, నా తర్వాత ఆ ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, సారు మళ్లీ ఒక్క పేజీలోకే తెమ్మంటన్నారు. ఏటి సెయ్యమంటావు?"

"పేర్లు తెగినా పర్లేదని రాసి సంతకం పెట్టమను" అన్నాను.

అడిగిందట. అతను పెట్టలేదట. ఆ క్యాంపుకి ప్రింటు రెండు పేజీల్లో వెళ్లింది.